ఇద్దరు కాపరులు, ఒక సరిహద్దు రాయి



ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఈమ్ అనే చిన్న గ్రామం ఉంది. ఆ ఊరి పాత ఇళ్లను, రాళ్లను ఈరోజు కాసేపు ధ్యానిద్దాం.

పరిశుద్ధ లారెన్స్ దేవాలయం పక్కనే ప్లేగు ఇళ్లని పిలిచే రాతి ఇళ్లు నేటికీ ఉన్నాయి. 1665లో లండన్ నుండి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటతో తెగులు ఆ ఇంట్లో అడుగుపెట్టిందని ఊరివారు చెబుతారు. సెప్టెంబరులో అక్కడే మొదటి మరణం జరిగింది.

మరుసటి వేసవికి తెగులు ముదిరింది. సంఘకాపరి విలియం మాంపెసన్ ఆ ఊరికి కొత్త. పూర్వపు కాపరి థామస్ స్టాన్లీ, ప్రభుత్వం విధించిన ప్రార్థనా గ్రంథానికి ఒప్పుకోనందుకు 1662లో పదవి పోగొట్టుకున్నవాడు. ఇద్దరి మార్గాలు వేరు. అయినా ఆ కష్టకాలంలో ఇద్దరూ ఒక్కటై ప్రజలను అడిగారు: పొరుగు గ్రామాలకు తెగులు సోకకుండా ఎవరూ ఊరు దాటవద్దు. జనం ఒప్పుకున్నారు.

స్టోనీ మిడిల్టన్ వైపు దారిలో గుంటలు తొలిచిన సరిహద్దు రాయి ఉంది. ఆ గుంటల్లో వినెగర్ పోసి నాణేలు ఉంచితే, పొరుగువారు ఆహారం పెట్టి వెళ్లేవారు. దేవాలయం మూసి, కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట ఆరాధన జరిపారు. నేటికీ ఆగస్టు చివరి ఆదివారం అక్కడ జ్ఞాపకార్థ ఆరాధన జరుగుతుంది.

ఊరి బయట పొలంలో, చిన్న ప్రహరీ లోపల రైలీ సమాధులు ఉన్నాయి. 1666 ఆగస్టులో హాన్‌కాక్ ఇంటి తల్లి ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతో పాతిపెట్టింది. మొత్తం సుమారు 260 మంది చనిపోయారు.

దేవాలయ ఆవరణలో మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి ఉంది. ఒక మాట దాచకూడదు. కాపరి తన పిల్లలను ముందే దూరం పంపించాడు. హాన్‌కాక్ తల్లికి ఆ దారి లేకపోయింది. కేథరిన్ మాత్రం భర్తను విడువక, రోగుల మధ్యనే ఉండి, అదే ఆగస్టులో కన్నుమూసింది.

ప్రియులారా, ఒకే ఊరి కాపరులమై ఉండి, ఎదురుపడితే ముఖం తిప్పుకున్న రోజులు మనకూ ఉన్నాయి. స్టాన్లీ, మాంపెసన్‌ల భేదాలు తీరిపోలేదు. ప్రజల ప్రాణాలకంటే వాటిని చిన్నవిగా ఎంచారు, అంతే. తెగులు వచ్చేదాకా ఆగకుండా, ఈ వారమే పొరుగు సంఘకాపరి గడప తొక్కుదాం. ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక. ఆమెన్.