ఊరూ పేరూ లేని రాగి

తీగ దొంగ దొరికినా, ఆ తీగ ఎవరిదో తేల్చడమే అసలు తంటా. స్తంభం మీద ఉన్నంతసేపే అది సర్కారు సొమ్ము. చుట్ట చుట్టి స్క్రాప్ దుకాణంలో కాంటా మీద పడేశాక ఏ రాగైనా ఒకటే.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం తంతి తీగను కావాలని తెంపినవాడికి మూడేళ్ల దాకా జైలు రాసింది. కొన్నవాడి కోసం అప్పటి శిక్షాస్మృతిలో 411వ సెక్షన్ ఉండనే ఉండేది. కానీ దొంగసొత్తని తెలిసో, అలా అనుకోవడానికి కారణం ఉండో కొన్నాడని పోలీసులే రుజువు చేయాల్సి వచ్చేది. ‘నాకేమెరుక సారూ, తూకానికి తెచ్చిండు, కొన్న’ అంటే కేసు నీరుగారినట్టే.

1950లో వచ్చిన టెలిగ్రాఫ్ తీగల చట్టం ఈ లెక్కను తిరగేసింది. తీగ తపాలా తంతి శాఖదని నమ్మడానికి కోర్టుకు కారణం కనిపిస్తే చాలు. అది తన దగ్గరికి న్యాయంగానే వచ్చిందని దుకాణదారే నిరూపించుకోవాలి. మరి తంతి తీగను గుర్తుపట్టేదెట్లా? చట్టం ముద్రల జోలికి పోకుండా తూకాన్నే గుర్తుగా పెట్టుకుంది. మైలు పొడవుకు 147–153, 196–204, 294–306 పౌన్లు... ఈ మూడింట ఏ కొలతలో పడ్డా అది తంతి తీగే. అందులో సన్నరకమే కిలోమీటరుకు దాదాపు 42 కిలోలు తూగుతుంది. దొంగకు ఆశ పుట్టదా మరి! పది పౌన్లకు మించి ఉన్నవాళ్లు ఆ సంగతి చెప్పి, మిగతాది కరిగించి ముద్దలు చేయించుకోవాలని కూడా అందులో ఉంది. దొంగలు చాటుగా చేసే పనిని చట్టమే దగ్గరుండి చేయించిందన్నమాట.

టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. కాలం చెల్లిన చట్టాల జాబితాలో చేరి, ఈ చట్టం కూడా 2023 డిసెంబరులో రద్దయింది. రాగి మీద ఆశ మాత్రం రద్దు కాలేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో బోరు ఉన్నచోటల్లా దగ్గర్లో ఓ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. రాత్రిపూట సరఫరా ఆపి, బోల్టులు విప్పి, దాన్ని దిమ్మె మీంచి కింద పడదోస్తారు. ఆయిల్ పారబోసి కాయిల్ పీక్కుపోతారు. తెల్లారి రైతుకు మిగిలేది ఖాళీ డబ్బా, నూనె మడుగు. కొత్తది బిగించేదాకా నాట్లు ఎండాల్సిందే.

దీనికి 2003 విద్యుత్ చట్టం ఉంది. 136వ సెక్షన్ దొంగకు, 137 కొన్నవాడికి. చెరో మూడేళ్ల దాకా జైలు. కానీ 137లో మళ్లీ పాత మెలికే: దొంగసొత్తని తెలిసో, అలా అనుకోవడానికి కారణం ఉండో కొన్నాడని పోలీసులే తేల్చాలి. 1950 నాటి ఉపాయం దీనికి అబ్బలేదు. రైల్వేకు మాత్రం 1966లోనే సొంత చట్టం వచ్చింది. దాని ప్రకారం రైల్వే సామాను అనుమానాస్పదంగా ఎవరి దగ్గర దొరికితే, అదెలా వచ్చిందో వాళ్లే చెప్పుకోవాలి. పట్టా ముక్కకున్న ఈ రక్షణ రైతు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎందుకు లేదో శాసనకర్తలనే అడగాలి.