గుద్దితే చిల్లు పడే గోడ: డ్రైవాల్ కథ

ఇంగ్లిష్ సినిమాల్లో మీరు చూసే ఉంటారు. హీరోకి కోపం వస్తుంది, గోడ మీద ఒక్క గుద్దు గుద్దుతాడు, గోడకి చిల్లు పడిపోతుంది. మన ఊళ్ళో ఇటుక గోడ మీద అదే ప్రయోగం చేస్తే గోడకి ఏమీ కాదు, చెయ్యి విరుగుతుంది. మరి అమెరికాలో గోడలు అలా ఎందుకున్నాయి? చిల్లు పడితే ఎలా పూడుస్తారు? ఈ రోజు ఎపిసోడ్ అదే. అక్కడ అద్దెకుంటున్న మన స్టూడెంట్స్‌కి ఇది డిపాజిట్ డబ్బుల వ్యవహారం కూడా, కాబట్టి చివరిదాకా చూడండి.

ముందు పాత గోడ ఎలా ఉండేదో చెప్తాను. అక్కడ ఇళ్ళకి చెక్క ఫ్రేమ్ ఉంటుంది. ఆ చెక్కల మీద సన్నటి పట్టీలు కొద్ది కొద్ది సందు వదిలి అడ్డంగా కొట్టేవాళ్ళు. దాని మీద తాపీతో ప్లాస్టర్ గట్టిగా అదిమితే, అది సందుల్లోంచి అవతలికి వెళ్ళి కొక్కెంలా పట్టుకునేది. పగుళ్ళు రాకుండా అందులో పశువుల వెంట్రుకలు కూడా కలిపేవాళ్ళు. మొదటి పూత, రెండో పూత, పైన నున్నటి పూత, మొత్తం మూడు. ఒకటి ఆరితేగానీ ఇంకోటి వెయ్యకూడదు. అంతా ఆరి రంగు వెయ్యాలంటే వారాలు పట్టేది. మన డంగుసున్నం గోడలు గుర్తొస్తున్నాయా? అంతే ఓపిక, అంతే చేతి పనితనం.

ఈ తడి పని తప్పించడానికే డ్రైవాల్ వచ్చింది. పేరులోనే ఉంది చూడండి, పొడి గోడ. 1894లో ఆగస్టీన్ సాకెట్ అనే అమెరికన్ ఒక పలకకి పేటెంట్ తీసుకున్నాడు. కాగితం పొరల మధ్య జిప్సం ప్లాస్టర్ పెట్టి చేసిన పలక అది. అయితే ఆయన దాన్ని గోడగా అనుకోలేదు. చెక్క పట్టీలకి బదులు దీన్ని కొట్టి, పైన మళ్ళీ ప్లాస్టర్ పుయ్యాలి, అదీ ఆయన ఆలోచన. 1909లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ సాకెట్ వ్యాపారాన్ని కొనేసింది. 1917కల్లా షీట్‌రాక్ పేరుతో, పైన ప్లాస్టర్ అక్కర్లేని పలకనే అమ్మడం మొదలుపెట్టింది.

జిప్సమే ఎందుకు? ఈ రాయి బరువులో దాదాపు ఐదో వంతు నీళ్ళే. కాలిస్తే ఆ నీళ్ళలో మూడొంతులు పోయి పొడి అవుతుంది. మళ్ళీ నీళ్ళు కలిపితే గట్టిపడి రాయి అయిపోతుంది. మనం పీఓపీ అంటాం కదా, అదే ఇది. ఇంటికి నిప్పంటుకుంటే లోపల ఉన్న నీళ్ళు ఆవిరవుతూ మంటని కాసేపు ఆపుతాయి. అంత మెత్తటి గోడలోనూ ఆ కాసేపట్లో మనిషి బయటపడొచ్చు.

ఇన్ని లాభాలున్నా జనం మొదట్లో దీన్ని చవక సరుకు కిందే చూశారు. రెండో ప్రపంచ యుద్ధం కథని మార్చేసింది. యుద్ధం అయ్యాక లక్షలమంది సైనికులు తిరిగొచ్చారు, వాళ్ళకి ఇళ్ళు లేవు. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ కట్టడం మొదలైంది. 1951కల్లా 17,000కి పైగా ఇళ్ళు లేచాయి. పని జోరుగా ఉన్నప్పుడు రోజుకి 30 ఇళ్ళు. ప్లాస్టర్ ఆరేదాకా వారాలు కూర్చుంటే ఇది జరిగే పనేనా? గోడలన్నీ డ్రైవాలే. తాపీమేస్త్రీల అవసరం తగ్గిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గోడ చవకైంది, మరి ఆ బరువు ఎవరి భుజాల మీద పడింది? 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండే ఒక పలక 20 నుంచి 25 కిలోలు తూగుతుంది. రోజంతా వాటిని ఎత్తి, సీలింగ్‌కి పట్టుకుని స్క్రూలు బిగించాలి. 1992లో దక్షిణ కాలిఫోర్నియాలో ఈ పని చేసే కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. అంతకుముందు ఏళ్ళలో వాళ్ళ కూలి పెరగడం మాట అటుంచి తగ్గుతూ వచ్చింది. చివరికి యూనియన్ ఒప్పందం సాధించుకున్నారు. నాకైతే డ్రైవాల్ చరిత్రలో సాకెట్ పేటెంట్ ఎంత ముఖ్యమో ఈ సమ్మె అంత ముఖ్యం.

సరే, ఇప్పుడు చిల్లు సంగతి. మేకు పెట్టిన చిన్న చిల్లయితే కాస్త లప్పం లాంటిది నింపి, ఆరాక సాండ్ పేపర్ కొట్టి రంగేస్తే చాలు. పిడికిలంత చిల్లయితే దాన్ని చతురస్రంగా కొయ్యాలి. కోసేముందు లోపల కరెంటు వైర్లు, పైపులు ఉన్నాయేమో చూసుకోండి. వెనక ఒక చెక్క ముక్క పెట్టి స్క్రూలు బిగించి, దానికి కొత్త డ్రైవాల్ ముక్క బిగించాలి. అతుకుల మీద టేపు వేసి, పైన జాయింట్ కాంపౌండ్ పుయ్యాలి. ఎన్ని పూతలు? మామూలుగా మూడు. ఒకటి ఆరాక ఇంకోటి, ప్రతిసారీ కాస్త వెడల్పుగా. తర్వాత ప్రైమర్, ఆపైన రంగు. ప్రైమర్ మానేస్తే అతుకు మచ్చలా కనిపిస్తూనే ఉంటుంది.

గమనించారా? మూడు పూతల పని తప్పించడానికే ఈ గోడ పుట్టింది. చిల్లు పడగానే మళ్ళీ ఆ తాపీమేస్త్రీ పద్ధతే దిక్కయింది. పొడి గోడకి తడి చెయ్యి కావాల్సిందే.

ఆఖరుగా ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం స్కిప్ చెయ్యకండి. ఒకప్పుడు జాయింట్ కాంపౌండ్‌లో ఆస్బెస్టాస్ కలిపేవాళ్ళు. దాని ధూళి పీలిస్తే ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటి జబ్బులు రావచ్చు. అమెరికా ప్రభుత్వం 1977లో అలాంటి కాంపౌండ్లని నిషేధించింది. కానీ గోడల మీద అప్పటికే పూసేసింది ఎక్కడికి పోతుంది? అందుకే 1980కి ముందు కట్టిన ఇల్లయితే, ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా సాండ్ పేపర్ ముట్టుకోకండి. అద్దె ఇల్లయితే ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. డిపాజిట్ పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు, ఊపిరితిత్తులు అలా కాదు.

ఇప్పుడు హైదరాబాద్ ఆఫీసుల్లో పార్టిషన్లు, ఫాల్స్ సీలింగ్‌లు కూడా జిప్సం బోర్డువే. మీరు కూర్చున్న చోట గోడని ఒకసారి వేలితో తట్టి చూడండి. డొల్లగా మోగిందా? అయితే అదీ సాకెట్ పలక మనవరాలే. ఏ చప్పుడొచ్చిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.