ఏడుంబావుకి చందానగర్‌లో

ఏప్రిల్ రెండో వారం, శుక్రవారం, పొద్దున్న ఏడుంబావు. చందానగర్‌లో ముంబయి హైవే పక్కన నిలబడ్డారు మీరు. ఒంటిపూట బడుల రోజులు కదా, పసుపుపచ్చ బస్సులన్నీ ఈ అరగంటలోనే రోడ్డెక్కాయి. ఒకటి మియాపూర్ వైపు, ఒకటి లింగంపల్లి వైపు, మరొకటి యూటర్న్ కోసం అడ్డంగా ముక్కు పెట్టి. వాటి సందుల్లోంచి స్కూటీల మీద నాన్నలు. ముందు నిలబడిన చిన్నవాడి జుట్టు ఇంకా తడిగానే ఉంది, వెనక కూర్చున్న పెద్దది నిద్రలో తూలుతోంది.

మీ చేతిని పట్టుకుని మీ పెద్దది. మీ ఆయన భుజం మీద చిన్నోడు.

బ్యాంకులో బదిలీ అయింది మీకు. రాజమండ్రి నుంచి కొండాపూర్ బ్రాంచికి. జూన్ మొదటి వారంలో చేరాలి. పెద్దది రెండో తరగతికి వస్తుంది, చిన్నోడు ఎల్‌కేజీకి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లెవరూ పిల్లలతో బదిలీ అయి ఉండరు.

"ఆదివారం చూస్తే అన్ని ఇళ్లూ బాగానే ఉంటాయే. పనిరోజు చూడు, అదీ పొద్దున్నే," అని మిమ్మల్ని ఈ వేళకి తరిమింది మీ పిన్ని. పిన్ని వాళ్లది ఇక్కడే, స్టేషన్ వెనక వీధి. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వస్తుంది. గోదావరి జిల్లాల వాళ్లకి ఈ వైపు అదో ధైర్యం.

కొండాపూర్ ఎంత దూరమో ఫోను చెబుతుంది. బడి ఎంత దూరమో పెద్దది చెప్పాలి. దాన్ని ముందు నడవనిచ్చి మీరు వెనక నడుస్తున్నారు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాటితే ఇడ్లీ బండి, అదీ దాటితే వరసగా నిలిపిన బైకులు. మాటిమాటికీ అది రోడ్డు మీదికి దిగుతోంది. దిగిన ప్రతిసారీ మీ చెయ్యి దానికంటే ముందు వెళుతోంది.

మొదటి బడి. అడ్మిషన్ గదిలో ఏసీ, గోడ నిండా ర్యాంకుల ఫొటోలు. కౌన్సెలర్ చిరునవ్వుతో ఫీజు కాగితం జరిపింది. ట్యూషన్ ఫీజు పెద్ద అక్షరాల్లో ఉంది. పుస్తకాలు, యూనిఫాం, బస్సు చిన్న అక్షరాల్లో కింద ఉన్నాయి. మీ ఆయన కిందినుంచి పైకి చదువుతున్నారు.

"పాపతో చిన్న ఇంటరాక్షన్ మేడమ్, అంతే."

అయిదు నిమిషాల్లో పెద్దది బయటికొచ్చి, "అమ్మా, ఎలిఫెంట్ స్పెల్లింగ్ అడిగారు," అంది. పిల్లల్ని ఇలా వడపోసి చేర్చుకోవడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం పదమూడో సెక్షన్ నిషేధించింది. మొదటి తప్పుకి పాతిక వేల దాకా, ఆపైన ప్రతిసారీ యాభై వేల దాకా జరిమానా. మీరు వాదన పెట్టుకోలేదు. "ఒకసారి టాయ్‌లెట్ చూడొచ్చా? పిల్లలది," అన్నారు. కౌన్సెలర్ స్మార్ట్‌బోర్డు చూపించడానికి లేచి, అటు నుంచి ఇటు తిరిగింది.

టాయ్‌లెట్ శుభ్రంగానే ఉంది. గడియ మాత్రం పెద్దవాళ్ల ఎత్తులో ఉంది. తిరిగొస్తూ రెండో తరగతి గుమ్మం దగ్గర ఆగి తలలు లెక్కపెట్టారు. ప్రైమరీలో ముప్ఫైమందికి ఒక టీచరు ఉండాలని అదే చట్టం చెబుతుంది. వెనక బెంచీల దాకా వెళ్లేసరికి మీ లెక్క నలభై దాటింది.

అసలు సంగతి తెలిసింది గేటు పక్కన రేకుల గదిలో. అక్కడ బస్సుల ఇన్‌ఛార్జి టీ తాగుతున్నాడు.

"ఇల్లేడ తీస్కున్నరు మేడమ్?"

"ఇంకా లేదండీ. బీరంగూడలో ఒకటి చూడబోతున్నాం."

"తీస్కునే ముందు అడిగిన్రు, మంచిగైంది. బీరంగూడనే ఫస్ట్ స్టాప్. ఆరున్నరకు ఎక్కాలె పాప. తర్వాత కాలనీలన్నీ తిరిగి ఇక్కడికొస్తది బండి."

ఆరున్నరకి ఎక్కాలంటే అయిదున్నరకి లేవాలి. మీ ఆయన ఫీజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

బీరంగూడ ఫ్లాటు నిజంగానే బాగుంది. మూడు బెడ్‌రూములు, లిఫ్టు, కింద జారుడుబల్ల. అద్దె కూడా తక్కువ. చిన్నోడు జారుడుబల్ల వదలనని మొండికేశాడు. మీ ఆయన కళ్లూ దాని మీదే ఉన్నాయి. మీరు వాచ్‌మన్ని పట్టుకున్నారు.

"నీళ్లెలా ఉన్నాయి బాబూ?"

"ఎండకాలం బోరు ఎండుతది మేడమ్. ట్యాంకర్లు తెప్పిస్తరు. ఆ పైసలు మెయింటెనెన్స్ల కలుపుతరు."

తగ్గిన అద్దె ఎటు పోతుందో తేలింది. తేలనిది ఇంకొకటుంది. హైవే మీద కాస్త పశ్చిమానికి వచ్చారంతే, రంగారెడ్డి జిల్లా దాటి సంగారెడ్డిలోకి వచ్చేశారు. మియాపూర్ అవతల నిజాంపేట వైపు వెళ్తే మేడ్చల్-మల్కాజిగిరి. తెలంగాణ ప్రభుత్వోద్యోగాల్లో ఏ జిల్లాకి ఎవరు లోకల్ అన్నది 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తేలుతుంది. అది చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువు, అందులో నాలుగేళ్లు ఎక్కడ గడిచాయన్నది. రెండో తరగతి పిల్లకి ఉద్యోగం మాటేమిటని మీ ఆయన నవ్వారు. పిన్ని మాత్రం నవ్వదు. ఏ ఏడాదికా ఏడాది స్టడీ సర్టిఫికెట్ తీసి బీరువాలో పెట్టమంటుంది.

పదకొండున్నరకి మళ్లీ చందానగర్. ఈసారి లోపలి వీధి. చెట్లున్నాయి, పార్కు గోడ వెంట నీడ ఉంది. ఇక్కడో చిన్న బడి, ఏడో తరగతి దాకానే. ర్యాంకుల ఫొటోల్లేవు. బడి వదిలే వేళకి మీరు గేటు ఎదుట కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్నారు.

గంట కొట్టారు. పిల్లలు గేటు లోపలే ఆగారు. ఒక ఆయా ఒక్కొక్కరి పేరూ పిలుస్తూ, వచ్చిన మనిషి మొహం చూసి గానీ చెయ్యి వదలడం లేదు. హెల్మెట్‌తో వచ్చిన ఒకాయనని, "తియ్యి సార్, మొకం సూడాలె," అంది. ఆయన తీశాడు. అప్పుడు పిల్లని ఇచ్చింది.

లోపల ఆఫీసులో గుమాస్తా అడిగినవి టీసీ, జనన ధ్రువపత్రం, పెద్దదాని పెన్ నంబరు, అంటే శాశ్వత విద్యా సంఖ్య. తెలుగు ఏ తరగతి నుంచని అడిగారు మీరు. ఒకటి నుంచే అన్నాడు. 2018 చట్టం వచ్చాక ఏ బోర్డైనా ఈ రాష్ట్రంలో తెలుగు చెప్పాల్సిందే. రెండో తరగతి గదిలో ఇరవై ఎనిమిది మంది. మైదానం లేదు. ఆటలకి పార్కుకే తీసుకెళ్తారట. ఆ లోటు మీ ఆయన మొహం మీద స్పష్టంగా కనిపిస్తోంది.

బడికి నాలుగిళ్ల అవతల టు-లెట్ బోర్డు. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, రెండే బెడ్‌రూములు. అద్దె బీరంగూడ కంటే ఎక్కువ. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు. కింది అంతస్తులో ఓనరు, బీహెచ్‌ఈఎల్‌లో చేసి రిటైరైన పెద్దాయన. ఏ ఊరన్నాడు, ఎంతమందన్నాడు. ఇంటిపేరు కూడా అడిగాడు. ఆ ప్రశ్న దేనికోసమో అద్దెకి తిరిగిన వాళ్లందరికీ తెలుసు. మీరు బ్యాంకు పేరు చెప్పి మాట మార్చారు.

"బెడ్‌రూము తగ్గుతుంది, అద్దె పెరుగుతుంది," అన్నారు మెట్ల మీద మీ ఆయన.

"నిద్ర పెరుగుతుంది," అన్నారు మీరు. లెక్క మీ వృత్తి. ఇక్కడైతే పెద్దది ఇంట్లోంచి ఏడూ నలభైకి బయల్దేరితే చాలు. రోజుకి గంటా పది నిమిషాలు మిగిలింది. ప్రైమరీకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు. రెండొందల ముప్ఫై గంటలకి పైమాటే. బస్సు ఫీజు లేదు, ట్యాంకరు డబ్బుల్లేవు. రెండిళ్ల అద్దెల మధ్య తేడాలో సగం ఇక్కడే తీరిపోయింది. మిగతా సగానికి పిల్ల నిద్ర కొన్నట్టు.

మీ ఆయన ఇంకోసారి పార్కు వైపు చూశారు. చిన్నోడు అప్పటికే గోడకున్న కన్నంలోంచి లోపల ఊయలల్ని లెక్కపెడుతున్నాడు.

రెండు నెలల అడ్వాన్సు మాట అయింది. లేచేముందు మీరే అన్నారు: "పిల్లలిద్దరూ మీ నెత్తి మీద గెంతుతారండీ, ముందే చెబుతున్నాను."

"గెంతనీ అమ్మా. రెండింటి నుంచి నాలుగింటి దాక మాత్రం నేను పండుకుంట."

పదకొండు నెలల అగ్రిమెంటులో ఆ షరతు ఎక్కడా రాయలేదు. రాసినవాటిలో అంత కచ్చితంగా అమలయ్యేది ఒక్కటీ లేదు.