స్విచ్‌లో సేవ్ చేసిన ఫైలు ఎందుకంత ముఖ్యం?

2018 ఏప్రిల్ 6 రాత్రి ఇరాన్‌లో పలుచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. సిస్కో స్విచ్‌లలోని ‘స్మార్ట్ ఇన్‌స్టాల్’ సదుపాయం ద్వారా చొరబడినవారు సేవ్ చేసి ఉన్న కాన్ఫిగరేషన్‌ను చెరిపి, అమెరికా జెండా బొమ్మ పెట్టారు. దేశంలో 3,500 స్విచ్‌లు దెబ్బతిన్నాయని అక్కడి ఐటీ మంత్రిత్వ శాఖ ప్రకటించింది.

ఈ స్విచ్‌లలో కాన్ఫిగరేషన్ రెండుచోట్ల ఉంటుంది. అమల్లో ఉన్న ‘రన్నింగ్ కాన్ఫిగ్’ ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే అదీ పోతుంది. తిరిగి ఆన్ అయినప్పుడు స్విచ్ చదివేది ‘స్టార్టప్ కాన్ఫిగ్’ను. మార్పు చేసిన ఇంజినీరు ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ ఆదేశం ఇవ్వడం మరిచిపోతే, ఎన్నో నెలల తర్వాత రీబూట్ అయిన రోజున ఆ మార్పు మాయమవుతుంది. అప్పటికి ఎవరు ఏం మార్చారో ఎవరికీ గుర్తుండదు.

దూరం నుంచి పని చేసేవారికి ఇదే గుణం అక్కరకొస్తుంది. మార్పుకు ముందు ‘రీలోడ్ ఇన్ 10’ అని పెడితే, పొరపాటుతో కనెక్షన్ తెగినా 10 నిమిషాలకు స్విచ్ పాత ఫైలుతో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సెల్’ కొట్టి, అప్పుడు సేవ్ చేయాలి. ముందే సేవ్ చేస్తే ఈ రక్షణ ఉండదు.

చాలామంది మరిచేది వీలాన్‌ల సంగతి. వీటీపీ సర్వర్ మోడ్‌లో వాటి వివరాలు ఫ్లాష్‌లోని ‘వీలాన్.డాట్’ ఫైలులో ఉంటాయి. స్టార్టప్ కాన్ఫిగ్ ఒక్కటే దాచుకుంటే అవి రావు.

రెండింటి ప్రతులూ స్విచ్ బయట ఉండాలి. పంపడానికి టీఎఫ్‌టీపీ సులువే కానీ దానికి పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. ఎస్‌సీపీ మేలు. పైగా కాన్ఫిగ్ ఫైల్లోని ‘టైప్ 7’ పాస్‌వర్డ్‌లను క్షణాల్లో విప్పేయవచ్చు కాబట్టి, దాచిన ప్రతిని ఎవరు తెరవగలరో కూడా చూసుకోవాలి.