ఫ్యూజు తీగ నుంచి ఏసీ దాకా

ఫ్యూజు పోయిన ప్రతిసారీ తీగ ఇంకాస్త లావుగా చుట్టేసి "ఇక పోదులే" అనే మగవాళ్లను మన ఇళ్లల్లో అందరం చూశాం. పోవడమే దాని పని అని వాళ్లకెవరు చెప్పాలి! తీగ కాలితేనే కదా ఇల్లు కాలకుండా మిగిలేది. ఎడిసన్ దానికి పేటెంటు తీసుకున్నది 1890లో. తీగ చుట్టే అవస్థ లేని ఎంసీబీకి 1924లో జర్మనీవాడు హ్యూగో ష్టోట్జ్ పేటెంటు పొందాడు.

ఈ రెండూ కాపాడేది వైర్లనే, మనల్ని కాదు. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ 7, 8 ఆంపియర్లు లాగుతుంది. ఎంసీబీ 16 దాకా ఊరుకుంటుంది. మనిషి ప్రాణానికి అందులో ఇసుమంత చాలు. అమెరికాలో బర్క్‌లీ ప్రొఫెసరు చార్లెస్ డాల్జీల్, పట్టుకున్న తీగను ఎంత కరెంటు దాకా వదలగలమో మనుషుల మీదే పరీక్షించాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నరే! వెళ్లిన కరెంటు పూర్తిగా తిరిగి రాకపోతే ఆపేసే పరికరాన్ని 1961లో తయారుచేశాడు. మన ఆర్‌సీసీబీ ఆ జాతిదే. ఇళ్లల్లోది 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి.

మొన్న వేసవిలో ఏసీ వేస్తే చాలు, మా ఆర్‌సీసీబీ పడిపోయేది. వచ్చిన మెకానిక్ దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపేస్తానన్నాడు. బయటి యూనిట్ పక్కనే నా తడిబట్టల దండెం! వద్దని పంపేశాను. రెండో అతను ఎంసీబీ దించి, కెపాసిటర్లో నిలవున్న కరెంటు పోగొట్టాకే చెయ్యి పెట్టాడు. కంప్రెసర్ వైరు ఒరుసుకుపోయి రేకుకు తగులుతోంది. వైరు మార్చాడు. దండెం నేను అవతలి గోడకు మార్పించాను.