కొట్టము, గచ్చు, గాలి

కర్నూలు, కడప సీమలలో ఇంటి వెనుక పశువులకో పనిముట్లకో ఒక కొట్టము వేయదలచిన రైతు వెనుకటి దినములలో మొదట గుంజలకు గోతులు త్రవ్వెడివాడు. నేడు పెరటిలో ఎప్పుడో పోసిన కాంక్రీటు గచ్చు సిద్ధముగా నుండును. దానిమీద నాలుగు ఇనుప కంబములు నిలిపి రేకులు కప్పినచో పని ముగిసినదని తోచును. ముగిసినదో లేదో తొలకరి ముందరి గాలి చెప్పును. ఈ రెండు కట్టుబడుల భేదము తెలియుటకు ఈ సీమ కప్పుల చరిత్రను కొంత చూడవలెను.

ఇచ్చట రాతికి కొరత లేదు. బేతంచెర్ల, బనగానపల్లె, జమ్మలమడుగు ప్రాంతముల నాపరాయి ప్రాచీన సముద్రముల అడుగున పొరలుగా పేరుకొన్న సున్నపురాయి. అందుచేతనే అది పొరల వెంట పలకలుగా విడివడును. భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ శిలలను గూర్చి గ్రంథము వెలువరించి, వానిని కడప, కర్నూలు పేర్లతోనే వ్యవహరించెను. పలకలను నేలపై పరచిరి, నిలువుగా పాతి కంచె చేసిరి, దూలములపై పేర్చి మిద్దె వేసిరి. ఆమ్లమొక్కటే దీనికి గిట్టదు. చింతపండు పులుసు ఒలికిన వంటయింటి బండ మచ్చపడుట అందువలననే.

మిద్దెపై మన్ను పరచి, ఆపైన చౌడు వేసెడివారు. చౌటిమన్నులో సోడియము అధికము. తడిసినపుడు అందలి బంకమట్టి రేణువులు విడివడి సందులను పూడ్చును, నీరు దిగదు. పైరుకు పగయైన గుణము మిద్దెకు చుట్టమైనది. మన్ను 15 సెంటీమీటర్ల మందమున్నచో చదరపు మీటరుకు సుమారు 240 కిలోగ్రాములు తూగును. ముసురు పట్టినపుడు ఆ బరువే ప్రమాదమగును గాని, గాలి దానిని కదల్చజాలదు.

1829లో లండనులో హెన్రీ పామర్ ముడుతల ఇనుపరేకునకు పేటెంటు పొందెను. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమునకు జింకు పూత పూయు పద్ధతికి పేటెంటు తీసికొనెను. రేకునకు తేలికదనమే గుణము, దోషమును అదియే. చదరపు మీటరు రేకు సుమారు 5, 6 కిలోగ్రాములు మాత్రమే. గాలి సెకనుకు 30 మీటర్ల, అనగా గంటకు 108 కిలోమీటర్ల వేగముతో వీచినచో, దాని ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 55 కిలోగ్రాముల బరువుతో సమానము. ప్రక్కలు తెరచియున్న కొట్టములో గాలి లోపలినుండి కప్పును పైకి త్రోయును, వెలుపలినుండి పైకి లాగును. పూర్వము నేలలో పాతిన గుంజ ఆ లాగుడును ఓర్చెడిది. గచ్చుపై నిలిపిన కంబమునకు బోల్టు తప్ప వేరు పట్టు లేదు.

ఆ బోల్టు పట్టుకొనునది కాంక్రీటును. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. మన సీమలో 1955లో పాణ్యం సిమెంటు సంస్థ ఏర్పడినది. బేతంచెర్ల సమీపమున సిమెంటునగరు దానివలన వెలసినది. సున్నపురాతిని బంకమట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినచో సిమెంటు గడ్డలు వచ్చును. పది సెంటీమీటర్ల కాంక్రీటు గచ్చు చదరపు మీటరుకు 240 కిలోగ్రాములు తూగును. విచిత్రమేమన, అది పాత మిద్దె మన్ను బరువే! తలపై నుండిన బరువు కాళ్ల క్రిందికి దిగినది.

అయితే అది కప్పును కాచుటకు గచ్చు ఏకఖండముగా నుండవలెను. అంచునకు మరీ దగ్గరగా బోల్టు దిగగొట్టినచో అంచు పెచ్చుగా ఊడును. గచ్చు కాక, రెండు మూడు సెంటీమీటర్ల నాపబండలు మాత్రమే పరచియున్నచో బోల్టు బండను పగులగొట్టును, పట్టును దొరకదు. నంద్యాల వైపు కుందూనది లోయలోని నల్లరేగడి మరియొక చిక్కు. అందలి మాంట్‌మొరిల్లొనైటు అను బంకఖనిజము నీరు పీల్చి ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెరియలు విచ్చును. దానిపై నేరుగా పోసిన పలుచని గచ్చు కొన్ని వానకాలములలో ముక్కలగును. ఒక్కొక్క ముక్కపై ఒక్కొక్క కంబము నిలిచినచో కొట్టము నాలుగు దిక్కులకు నడచును. అట్టిచోట కంబము వచ్చు తావున గచ్చును పగులగొట్టి, నేల కదలిక తగ్గు లోతువరకు గొయ్యి తీసి పునాది వేయవలెను. గుంజలు పాతిన తాతలు మొదట చేసిన పనియు గొయ్యి తీయుటయే.