పర్యావరణానికి శాసన ప్రాధాన్యాలు: ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ బోర్డు అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

పర్యావరణ పరిరక్షణ బాధ్యత స్థానిక సంస్థలపై ఎంతగా ఉన్నప్పటికీ, అందుకు అవసరమైన అధికారం తరచు రాష్ట్రాల చేతిలోనే ఉంటుంది. ఈ అంతరాన్ని తగ్గించుకొనేందుకు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి చెందిన ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ అనుసరిస్తున్న పద్ధతి మన జిల్లా పరిషత్తుల, పురపాలక సంఘాల ప్రతినిధులు తెలుసుకోదగినది.

వాషింగ్టన్ నగర పరిసరాలలోని ఈ కౌంటీ జనాభా 2020 జనగణన ప్రకారం 11,50,309. ఉద్యోగరీత్యా వెళ్లిన తెలుగు కుటుంబాలు సైతం ఉత్తర వర్జీనియాలో గణనీయంగా స్థిరపడిన విషయం విదితమే. కౌంటీ పరిపాలన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అనే ఎన్నికైన మండలి చేతిలో ఉంది. ఇందులో తొమ్మిది మంది తమ తమ విభాగాల నుంచి, అధ్యక్షుడు లేదా అధ్యక్షురాలు కౌంటీ ఓటర్లందరి చేత ఎన్నికవుతారు.

ఇంత పెద్ద కౌంటీ అయినప్పటికీ తన ఇష్టానుసారం ఉపవిధులు చేసుకొనే వీలు దీనికి లేదు. వర్జీనియాలో 'డిల్లన్ సూత్రం' అమలులో ఉండటమే ఇందుకు కారణం. 1868లో అయోవా రాష్ట్ర న్యాయమూర్తి జాన్ ఎఫ్. డిల్లన్ తీర్పు నుంచి రూపుదిద్దుకొన్న ఈ సూత్రం ప్రకారం, స్థానిక సంస్థకు రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారాలు, వాటి నుంచి సహజంగా ఉద్భవించేవి, దాని ఉనికికి అత్యావశ్యకమైనవి మాత్రమే ఉంటాయి. సందేహం కలిగిన సందర్భంలో అధికారం లేదనియే భావించాలి. మన రాజ్యాంగంలోని 243-జి అధికరణం సైతం పంచాయతీలకు అధికారాలు దఖలుపరచే పనిని రాష్ట్ర శాసనసభలకే విడిచిపెట్టింది. పదకొండవ షెడ్యూలులో సామాజిక అడవుల పెంపకం, తాగునీరు వంటి 29 అంశాలు ఉన్నా, వాటిని ఎంతవరకు బదలాయించాలన్నది రాష్ట్రం నిర్ణయించవలసిందే.

కనుక ఫెయిర్‌ఫ్యాక్స్ బోర్డు ఏటా ఒక శాసన కార్యక్రమ పత్రాన్ని ఆమోదిస్తుంది. సాధారణంగా డిసెంబరులో ఇది ఖరారవుతుంది. రిచ్‌మండ్‌లో వర్జీనియా జనరల్ అసెంబ్లీ జనవరి రెండవ బుధవారం సమావేశమవుతుంది గనుక అంతకు ముందే కౌంటీ తరఫు సెనేటర్లు, డెలిగేట్లతో బోర్డు కూర్చుని తన కోర్కెలను వివరిస్తుంది. సరి సంఖ్య సంవత్సరాలలో సమావేశాలు 60 రోజులు మాత్రమే సాగుతాయి. ఆ కొద్ది వ్యవధిలో వచ్చిపడే బిల్లులపై బోర్డు శాసన కమిటీ ఎప్పటికప్పుడు వైఖరి నిర్ణయిస్తుంది. కొత్త అధికారాలు అడగడంతో పాటు, ఉన్న అధికారాలను కత్తిరించే బిల్లులను వ్యతిరేకించడం కూడా ఈ పనిలో భాగమే. నిజానికి ఈ రెండవ పనియే ఎక్కువ శ్రమతో కూడుకొన్నదని చెప్పవచ్చు.

పర్యావరణ అంశాలలో ఈ పద్ధతి ఫలితానికి మంచి ఉదాహరణ ప్లాస్టిక్ సంచులపై పన్ను. దుకాణాలలో ఇచ్చే సంచిపై అయిదు సెంట్లు విధించేందుకు కూడా రాష్ట్ర అనుమతి అవసరమైంది. ఈ తరహా ప్రతిపాదనలు అసెంబ్లీలో పలుమార్లు వీగిపోయాయి. 2019 నవంబరు ఎన్నికలలో ఉభయ సభల ఆధిక్యం చేతులు మారిన తదుపరి, 2020లో అనుమతి చట్టం వచ్చింది. 2021 సెప్టెంబరులో ఫెయిర్‌ఫ్యాక్స్ బోర్డు ఉపవిధిని ఆమోదించగా, 2022 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. పొరుగున ఉన్న ఆర్లింగ్టన్, అలెగ్జాండ్రియాలు కూడా అదే తేదీ నుంచి అమలు చేశాయి.

అయితే ఇచ్చిన అధికారానికి రాష్ట్రం గట్టి హద్దులే గీసింది. పన్ను ఎంతో, ఏయే దుకాణాలకు వర్తిస్తుందో చట్టమే నిర్దేశించింది. కిరాణా, మందుల దుకాణాలు, చిన్న సరుకుల అంగళ్లు దీని పరిధిలోకి వస్తాయి. మాంసం, చేపలు, కూరగాయలు చుట్టే సంచులకు, వైద్యుని చీటీపై ఇచ్చే మందుల సంచులకు మినహాయింపు ఉంది. వసూలు చేసినందుకు వర్తకుడు తొలుత రెండు సెంట్లు, 2023 నుంచి ఒక సెంటు తన వద్ద ఉంచుకొనవచ్చు. కౌంటీకి చేరిన సొమ్మును పరిసరాల శుభ్రతకు, కాలుష్య నివారణకు, వ్యర్థాల తగ్గింపుపై అవగాహనకు, పేద కుటుంబాలకు మళ్లీ వాడుకొనే సంచులు అందించేందుకు మాత్రమే ఖర్చు చేయాలి.

చెట్ల విషయంలోనూ ఇదే తీరు. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకొనలేని ప్రాంతాలలో కొత్త నిర్మాణాలు చేపట్టేవారు కొంత మేర చెట్లను నిలుపవలెనని కోరే అధికారం 2008 చట్టంతో లభించింది. ఎంత శాతం కోరవచ్చునో ఆ చట్టమే నిర్ణయించింది. చెట్ల సంరక్షణకు మరింత వెసులుబాటు కావాలన్నది బోర్డు పత్రాలలో కానవచ్చే కోర్కె.

నీటి విషయంలో సమస్య అధికారానిది కాదు, నిధులది. చెసాపీక్ అఖాతంలోకి చేరే నత్రజని, భాస్వరం, ఒండ్రు మట్టికి 2010 డిసెంబరులో కేంద్ర పర్యావరణ సంస్థ పరిమితులు విధించింది. వాన నీటి కాలువల బాగుకు స్థానిక సంస్థలకు తోడ్పడే నిధిని రాష్ట్రం 2013లో నెలకొల్పింది. దానికి తగిన కేటాయింపులు జరగాలని కౌంటీలు కోరుతూ వస్తున్నాయి.

ఈ కోర్కెల వెనుక స్థానిక కసరత్తు ఉండటం గమనార్హం. పౌరులతో ఏర్పాటైన పర్యావరణ సలహా మండలి కౌంటీ పర్యావరణ స్థితిగతులపై ఏటా నివేదిక సమర్పిస్తుంది. 2004లో బోర్డు ఇరవై సంవత్సరాల పర్యావరణ దార్శనిక పత్రాన్ని ఆమోదించి, 2017లో దానిని సవరించింది. అసెంబ్లీ ఒక ఏడాది కాదన్న కోర్కె మరుసటి డిసెంబరులో మళ్లీ పత్రంలోకి ఎక్కవచ్చు.